మడ అడవిలో పక్షుల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున పెద్దలు నాకొక పని అప్పగించిరి. గత పుష్యమాసమున మన చందాదారులలో పదునలుగురము కోరంగి మడ అడవికి పోయి పక్షులను చూచి వచ్చితిమి. ఆ యాత్రావిశేషములను సభకు నివేదింపుమని వారి యానతి. నేను పక్షిశాస్త్రము చదివినవాడను కాను. ఊరివారికి లెక్కలు వ్రాసిపెట్టుచు, తీరిక దొరకిన సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి కావ్యములు చదువుకొన్నవాడను. కావున నా మాటలలో రెండే సరకులుండును. కావ్యములలో చదివినది యొకటి. లెక్కలవాని కంటికి కనబడినది యొకటి.

ఈ రెంటిని కలిపి చూచినప్పుడు నాకు తోచిన సంగతిని ముందే మనవి చేసెదను. అడంగలులో ‘బీడు’, ‘పోరంబోకు’ అని ఒక్క మాటతో ముగించు ఉప్పుబురద నేల నిజమునకు మిక్కిలి రాబడి గల నేల. ఆ రాబడిని మనకు చదివి చెప్పునవి పక్షులు. మన యూరి మొగప్రక్కనున్న మడతోపును గూర్చి ఇటీవల నాలుగు మాటలు వినబడుచున్నవి గనుక, ఈ సంగతి వినోదమునకు మాత్రమే చెప్పుచున్నది కాదని సభవారు గ్రహింతురు గాక.

కోరంగి మనకు క్రొత్త ఊరు కాదు. కాకినాడనుండి యానాము పోవు దారిలో, చొల్లంగి దాటిన పిమ్మట వచ్చును. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో సంగమస్నానము చేసినవారు ఈ సభలోనే పలువురుందురు. స్నానము చేసి, దానమిచ్చి, తీర్థములో పిల్లలకు బొమ్మలు కొని యిల్లు చేరుదుము. ఆ నీటిమీద ఎగురుచున్నదేమో చూచిన వారము అరుదు. కోరంగి యొకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. అచ్చటినుండి బర్మాకు పోయిన మన తెలుగువారిని ఆ దేశమున ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. 1789లోను, 1839లోను వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ రేవును పాడుచేసినవి. రేవు పోయినది, అడవి మిగిలినది. గౌతమీ గోదావరి సముద్రమున కలియు తావున, కోరంగి, గాడేరు అను పాయల నడుమ వ్యాపించిన ఆ మడ అడవిని 1978లో ప్రభుత్వమువారు అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దానికి ఎదురుగా సముద్రములో పదియారు కిలోమీటర్ల పొడవున హోప్ దీవి యను ఇసుకతిన్నె యొకటి, కాకినాడ అఖాతమునకు కట్టిన గోడవలె నిలిచియున్నది.

మేము పోయిన దినము షష్ఠి. తిథి నెందుకు చెప్పుచున్నానో విన్నవించెదను. మడ అడవిలో గడియారమునకు విలువ లేదు. అచ్చట పోటు, పాటు అనునవే కాలమును నడుపును. సముద్రము పొంగి పాయలలోనికి వచ్చుట పోటు, వెనుకకు తీయుట పాటు. ఏ దినమున పోటు ఎప్పుడు నిండునో జాలరులు తిథినిబట్టి చెప్పుదురు. నేటి పోటుకంటె రేపటి పోటు రమారమి రెండు ఘడియలు ఆలస్యముగ వచ్చును. చంద్రోదయము దినదినమునకు వెనుకబడుటయే దీనికి కారణము. షష్ఠినాడు తెల్లవారునప్పటికి పాటు ముగియును గనుక బురదమేటలు బయటపడియుండును. మధ్యాహ్నమునకు పోటు నిండును గనుక పడవ నడచును. మా మార్గదర్శి ఈ లెక్క చూచియే మమ్ము ఆ దినమున రమ్మనెను.

ఆ మార్గదర్శి జాలరి కుటుంబమునకు చెందిన యువకుడు. పక్షి కూత విని పేరు చెప్పును. ఎగురు తీరు చూచి వయసు చెప్పును. మన గ్రంథాలయమున నున్న సాలిం అలీగారి పక్షుల పుస్తకమును నేను చంకనిడుకొని పోయితిని. అది 1941లో మొదట వెలువడినది మొదలు ఈ దేశమున పక్షులను చూచువారికి పెద్దబాలశిక్ష వంటిది. ఒక పక్షి వ్రాలగానే నేను పుటలు త్రిప్ప నారంభించితిని. అంతట నాతడు మెల్లగా, “బాబుగారూ, ముందు పిట్టను చూడండి. పిట్ట ఎగిరిపోద్ది గానీ పుస్తకం ఎక్కడికీ పోదు” అనెను. మాతో వచ్చిన విద్యార్థులు నవ్విరి. ఆ మాట గ్రంథాలయపు గోడమీద వ్రాయదగినది.

ముందుగా చెట్లను చూచితిమి. అడవిలోనికి కఱ్ఱవంతెన కట్టి యుంచిరి గనుక కాలికి బురద యంటకుండ నడువవచ్చును. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న, గుగ్గిలము అని మా మార్గదర్శి ఒక్కొక్క చెట్టును చూపెను. తెల్లమడ చుట్టును బురదలోనుండి వేలకొలది పుల్లలు పైకి పొడుచుకొని యున్నవి. అవి మొలకలు కావు, వేళ్లు. బురదలో గాలి యాడదు గనుక చెట్టు తన వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చును. ఆకును నాలుకతో తాకిన ఉప్పగా నుండును. చెట్టు పీల్చిన ఉప్పును ఆకుమీదికి వెళ్లగొట్టుటయే అందులకు కారణము. పొన్నచెట్టు మరింత వింతయైనది. దాని విత్తు కొమ్మనుండగనే మొలకెత్తి, మూరెడు ఈటెవలె పెరిగి, పిమ్మట రాలి బురదలో నిలువుగ గ్రుచ్చుకొనును, లేదా పోటునీటిమీద తేలి మరియొక చోట పాతుకొనును. నీరు నిలకడలేని చోట సంతానమును పెంచవలెనన్న తల్లి యెంత జాగ్రత్త పడవలెనో ఆ చెట్టుకు తెలియును. తిల్లపాలు కంట పడకుండ చూచికొనుడని మార్గదర్శి హెచ్చరించెను. ఆ పాలు పడిన కన్ను మంటలెత్తి కొంతకాలము చూపు మందగించునట.

వంతెన చివర అడవి తెరపి యిచ్చినది. ఎదుట బురదమేట. మొదట చూచినవారికి అచ్చట ఏమియు లేదనియే తోచును. బూడిదవన్నె బురద, దానిమీద పలుచని నీటిపొర, అంతే. దుర్భిణి కంటికి పెట్టుకొన్న తరువాత గదా ఆ బురద యంతయు కదలుచున్నదని తెలిసినది! ఒక చేయి చిన్నది, ఒక చేయి తన యంత పెద్దది గల మగపీతలు ఆ పెద్దచేతిని ఊపుచున్నవి. చేపలు నీరు విడిచి బురదమీద గెంతుచున్నవి. వాని నడుమ పక్షులు. చిన్న తెల్లకొంగ కాలితో బురదను కదిపి బెదరిన చేపను పొడిచి పట్టుచున్నది. నత్తగుల్లకొంగ, రెండు దవడల నడుమ సందు గల ముక్కుతో, నత్తను చిప్పనుండి లాగుచున్నది. లకుముకిపిట్ట మడకొమ్మనుండి నీటిలోనికి దూకుచున్నది. పైన తెల్లతల, ఇటుకవన్నె రెక్కలు గల గరుడపక్షి వలయములు తిరుగుచున్నది. విష్ణువాహనమని మనము చేతులు జోడించు పక్షి ఇదియే.

నా కన్ను ఎక్కువసేపు నిలిచినది ఉల్లంకుల మీద. చలికాలమున మాత్రమే కనబడు ఈ పిట్టలు అనేక జాతులవి. ఒకదాని ముక్కు కురచ. అది బురదపైనున్న పురుగును ఏరుకొనును. మరియొకదాని ముక్కు నడిమి తరగతి. అది అంగుళము లోతున వెదకును. గాడ్విట్ అను పక్షికి సూటియైన పొడవు ముక్కు. అది మరింత లోతునకు పోవును. అన్నిటికంటె పెద్ద ఉల్లంకి ముక్కు కొడవలివలె క్రిందికి వంగియుండును. అది పీత దాగిన బొరియలోనికి దిగి దానిని వెలికి తీయును. సభాసదులారా, ముప్పది సంవత్సరములుగా నేను సరిహద్దు తగవుల కాగితములు చూచుచున్నాను. ఒకే చేనును నలుగురు కౌలుదార్లు ఒకే వేళ సాగుచేసికొనుచు, ఒకరి పంట నొకరు ముట్టకుండుట అచ్చటనే చూచితిని. ఎవరి లోతు వారిది.

నలుగురు కౌలుదార్లు బ్రదుకవలెనన్న చేనిలో ఎంత పంట యుండవలెనో ఆలోచింపుడు. రాలిన మడాకు బురదలో కుళ్లును. ఆ కుళ్లును సూక్ష్మజీవులు, పురుగులు, నత్తలు తినును. వానిని పీతలు, రొయ్యపిల్లలు, చేపపిల్లలు తినును. పాయల వేళ్లసందులలో తలదాచుకొని పెరిగిన ఆ పిల్లలే తరువాత సముద్రమునకు పోయి వలలో పడును. కాకినాడ సంతలో మనము బేరమాడి కొను మండపీత ఈ బురదలోనిదే. కావున పక్షులు గుంపుగా వ్రాలిన మేట జీవముగల మేట. పక్షి వ్రాలుట మానినచో, జాలరికి తెలియకమునుపే ఆ నేలకు ఏదో కీడు కలిగినదని అనుమానింపవలసినదే. వైద్యుడు నాడి చూచినట్లు పక్షిని చూడవలెను.

మధ్యాహ్నమునకు పోటు నిండినది. మేటలు మునిగినవి. పడవ నెక్కి పాయలవెంబడి అఖాతమువైపు పోయితిమి. దారిలో నీటికుక్కలు రెండు ఒడ్డునుండి జారి నీట మునిగినవి. చేపలు పట్టి బ్రదుకు అడవిపిల్లి యొకటి కూడ ఈ అడవిలో నున్నదట. అది రాత్రి సంచారి గనుక మాకు బురదమీది దాని అడుగుజాడలే దొరకినవి. అఖాతపు అంచున మునుగక మిగిలిన ఇసుకమేటమీద ఉదయము చూచిన ఉల్లంకులన్నియు చేరి విశ్రమించుచున్నవి. వందలకొలది పక్షులు గాలికి అభిముఖముగ, ఒంటికాలిమీద, ముక్కును వీపురెక్కలలో దూర్చి నిద్రించుచున్నవి.

ఆ దృశ్యము చూడగనే నాకు ఆముక్తమాల్యద జ్ఞప్తికి వచ్చినది. విల్లిపుత్తూరి వర్ణనలో కృష్ణదేవరాయలు పొలముల కాలువలలో తలలు రెక్కలలో దూర్చి నిద్రించు బాతులను వర్ణించెను. తెల్లవారుజామున కావలివారు వానిని, బ్రాహ్మణులు స్నానము చేసి పిడిచి మరచిపోయిన బట్టలనుకొని, ఇచ్చివేయుదమని దిగుదురు. బాతులు లేచి పారిపోవును. పైరు కాయు పడుచులు నవ్వుదురు. ఇన్నాళ్లును దానిని చమత్కారమని మెచ్చుకొంటిమి. ఆ ఇసుకమేటమీది పక్షులను చూచిన పిమ్మట అది సత్యమని తెలిసినది. దూరమునుండి చూడగా ఆరవేసిన బట్టలనియే మేమును భ్రమపడునట్లుండెను. సామ్రాజ్యము నేలినవాడు బాతు ఎట్లు నిద్రించునో నిలిచి చూచెను. మన పూర్వకవులు కనులు మూసికొని హంసలను, చక్రవాకములను కల్పించినవారు కారు. వర్షారంభమున హంసలు మానససరోవరమునకు పోవుననియు, శరత్తునకు తిరిగి వచ్చుననియు కావ్యసమయము. హిమాలయముల కావల సరస్సులలో పిల్లలు పెట్టి, చలికాలమునకు మన దేశమునకు దిగు బాతుజాతులు నిజముగ నున్నవి. పక్షుల రాకపోకలు కవులకు తెలిసియే యుండెను.

వారికి తెలియనిది ఈనాటి శాస్త్రము కొలిచి చెప్పుచున్నది. 2022 అక్టోబరులో గాడ్విట్ పక్షి యొకటి అలాస్కానుండి బయలుదేరి, ఎచ్చటను దిగక, పదునొకండు దినములలో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియా చేరెను. దాని వీపున కట్టిన చిన్న యంత్రము దారి పొడవునను జాడ తెలిపినది. ఆ పక్షి వయసు సుమారు అయిదు నెలలు. మనవద్ద ఆ యీడు బిడ్డ బోర్లపడి ప్రాకుటకు యత్నించుచుండును!

ఇట్టి దూరము ఎగురు పక్షులకు నడుమ సత్రములుండవలెను. సత్రమనగా బురదమేట. ఒక సత్రము మూతపడినచో ఏమగునో చెప్పుటకు ఒక దృష్టాంతము కలదు. గ్రేట్ నాట్ అను ఉల్లంకి సైబీరియా ఈశాన్యమున పిల్లలు పెట్టును; చలికాలమున మన దేశపు తీరములకును వచ్చును. ఈ జాతి పక్షులు దక్షిణ కొరియాలోని శేమాంగం బురదమేటలలో వేలకొలదిగ దిగి మేసెడివి. 2006లో అచ్చట 33 కిలోమీటర్ల కట్ట పూర్తిచేసి ఆ మేటలను సముద్రమునుండి వేరుచేసిరి. బీడును సాగులోనికి తెచ్చితిమని ఆ దేశపు లెక్కలలో జమ పడియుండును. అచ్చటి గ్రేట్ నాట్‌లు వేల సంఖ్యలో తగ్గిపోయినవి. అవి ప్రక్క మేటలకు పోయి బ్రదికిన జాడ కనబడలేదు. నేడు ఆ జాతి అంతరించు ప్రమాదముగల జాతులలో చేరియున్నది. ఒక ఊరి కట్ట ఖర్చు మరియొక ఖండపు పద్దులో పడినది.

ఇక మన యూరి సంగతి. మొగప్రక్కనున్న మడతోపును చదును చేసి రొయ్యల చెరువులు త్రవ్వించినచో పంచాయతీకి కౌలు వచ్చునని కొందరి యభిప్రాయము. వారు ఊరి మేలు కోరియే చెప్పుచున్నారు. రొయ్యల చెరువులవలన ఈ జిల్లాలో పలు కుటుంబములు నిలద్రొక్కుకొన్న మాట సత్యము. కాని లెక్క రెండు ప్రక్కలను వ్రాయవలెను గదా. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఈ తీరమున ఎన్ని చెరువులు ఎండబెట్టిరో పెద్దలకు తెలియును. చెరువు పాడైన పిమ్మట ఉప్పెక్కిన ఆ నేలలో వరి పండదు; నరికిన మడ తనంతట తిరిగి రావలెనన్న ఏండ్లు పట్టును. మడతోపులో పెరుగు పీత, రొయ్యపిల్ల ఎవరి పేర జమ వేయవలెను? వలవాని పేర. తుపాను వేళ అలల వేగమును, ఒడ్డు కోతను తగ్గించు వేళ్లకు ఎంత వెల కట్టవలెను? 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానును చూచినవారు ఆ వెల చెప్పగలరు. ఇవి యేవియు అడంగలులోని గడులలో లేవు. గడి లేనంతమాత్రమున రాబడి లేదనరాదు. అదియును గాక, తీరమును గూర్చి 1991లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నిబంధనలు మొదలు నేటివరకు మడలున్న నేల మిక్కిలి కట్టుదిట్టమైన రక్షణ గల తరగతిలోనే యున్నది. ఈ సంగతి తెలియక కౌలు పాడినవాడు సొమ్ము పోగొట్టుకొనును.

మడకొమ్మలతో పొయ్యి రాజేసికొను ఇండ్లు మన యూర కొన్ని యున్నవి. వారిని నిందించుటకు నాకు నోరు రాదు. పక్షులను కాపాడుడని చెప్పువారు ముందుగా ఆ యిండ్లకు వంటగ్యాసు బండ క్రమముగ అందునట్లు చూడవలెను. ఎండుకొమ్మ ఏరుకొనుట వేరు, పచ్చిచెట్టు నరుకుట వేరు. ఈ భేదమును వారికి మనము బోధింపనక్కరలేదు; వారితో కూర్చుండి ఏర్పాటు చేసికొన్న చాలును.

చివరకు నా ప్రార్థన. రజతోత్సవమునకు గుర్తుగా మన గ్రంథాలయమున క్రొత్త పుస్తకమొకటి చేర్పవలెనని కోరుచున్నాను. అది అచ్చైన పుస్తకము కాదు, తెల్లకాగితముల పుస్తకము. దానిలో ఏడు గడులు గీచి యిచ్చుట నా వంతు: తేదీ, తిథి, పోటో పాటో, చోటు, పక్షి పేరు, సంఖ్య, చూచినవారి సంతకము. మన యూరివారు వాడు పేరే వ్రాయవచ్చును. చింతవక్క, బొల్లికోడి, నీరుకాకి, తీతువు, రేవుపిట్ట — ఇవి మన తాతలు పెట్టిన పేర్లు; వ్రాయకున్నచో మనుమలకు దక్కవు. పేరు తెలియని పక్షికి రూపము వ్రాసిన చాలును. చదువు రానివారు చెప్పినచో చదివిన పిల్లలు వ్రాయవలెను. ఈ విషయమున మడలలో తిరుగు జాలరియే మనకు గురువు. 1987 మొదలు ప్రతి జనవరిలోను ఆసియా ఖండమంతటను నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఔత్సాహికులే దానికి ఆధారము. మన పుస్తకమున నాలుగేండ్ల లెక్క పోగైనచో మన మొగలెక్కయు అందు చేరవచ్చును.

అప్పుడు మడతోపును గూర్చి పంచాయతీలో చర్చ వచ్చిన దినమున, ఒకరి యూహకు మరియొకరి యూహ యెదురు నిలువనక్కరలేదు. పుస్తకము తెచ్చి బల్లమీద పెట్టవచ్చును. ఏ నెలలో ఎన్ని పక్షులు దిగినవో, ఏ మేటమీద వలలు నిండినవో చూచి, తీర్పు గ్రామస్థులే చేయుదురు గాక. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసినది మనకు చదువ నేర్పినది. ఇకమీదట మన కంటితో చూచినది వ్రాయించుట కూడ దీని పనియే యని నా నమ్మకము.

మొదటి గణనకు వచ్చు పుష్య శుద్ధ షష్ఠినాడు, సూర్యోదయమునకు ముందు, మొగవద్ద కలిసికొందము. దుర్భిణి ఒక్కటే యున్నది, వంతులవారీగ చూడవచ్చును. స్త్రీలు, పిల్లలు కూడ రావలెనని మనవి.